జరుగని బేరము

చదరంగము మన దేశమున పుట్టినదని చెప్పుకొనుటలో మనకొక తృప్తి కలదు. చతురంగమను పేర క్రీస్తు శకము 6, 7 శతాబ్దుల నాటికే అది ఇచట ఆడబడుచుండెను. పిదప పారశీక దేశమునకును, అరబ్బుల యొద్దకును, అచటినుండి ఐరోపాకును సాగిపోయెను. ఇన్ని దేశములు తిరిగినను, ఇన్ని పేర్లు మారినను, ఆ ఆటకు సొంతదారు ఎవరని ఎవరును అడుగలేదు. పలకను కొనవచ్చును, పావులను కొనవచ్చును. ఆటను కొనినవారు లేరు.

ఆ చదరంగపు వంశములోనే పుట్టిన మరియొక ఆట మాత్రము రెండేండ్ల వ్యవధిలో రెండు మారులు అమ్ముడుపోయినది. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. నేలమాళిగలు, రెక్కల మహాసర్పములు అని తాత్పర్యము. దానిని ప్రచురించు అమెరికా కంపెనీ అప్పులలో మునిగి 1997లో అమ్మకమునకు వచ్చెను. పేకముక్కల వంటి ముక్కలతో ఆడు ఆటనొకదానిని అమ్ముకొనుచున్న మరియొక కంపెనీ దానిని కొనెను. అప్పటికి వీడియో ఆటల కంపెనీలు కూడ అద్దెకు తెచ్చుకొన్న ఆ పేరుతో ధనము గడించుచుండెను. వానిలో ఒకటి ముందుగా వచ్చి బేరము కుదుర్చుకొనియుండినచో ఏమి జరిగియుండును? ఈ ప్రసంగమున ఆ ప్రశ్నను విచారింపదలచితిని.

జరుగనిదానిని గూర్చి యోచించుట వ్యర్థమని కొందరందురు. ఊహకు కళ్లెము లేనిచో ఆ మాట నిజమే. కాని ఆనాడు ఆ పేరుతో సంబంధమున్న వీడియో ఆటల కంపెనీలు తర్వాత ఏమైనవో మనకు తెలియును. వానికి పట్టిన గతి జరిగిన చరిత్ర. దానినే కొలబద్దగా పట్టుకొనినచో, జరుగని బేరము ఫలితము కొంతవరకైనను కంటికి ఆనును.

ముందుగా ఆట సంగతి. 1780లో జర్మనీలోని బ్రన్స్విక్ నగరమున హెల్విగ్ అను పండితుడు చదరంగపు పలకను విస్తరించి, గళ్లకు కొండలు, నదులు, ఊళ్లు అని గుర్తులు వేసి, యుద్ధవిద్య నేర్పుటకు ఒక ఆటను కల్పించెను. 1824లో ప్రష్యా సైన్యమునకు చెందిన రైస్విట్జ్ అను యువ అధికారి, తన తండ్రి కల్పించిన యుద్ధక్రీడను సంస్కరించి ప్రకటించెను. అందు గళ్లు లేవు, భూమి పటము కలదు, పాచికలు కలవు, ఇరుపక్షములకు నడుమ ఒక మధ్యవర్తి కలడు. ఏ పటాలము ఎంత దూరము నడువగలదో, ఏ ఫిరంగి దెబ్బకు ఎంత నష్టము కలుగునో అతడు నిర్ణయించును. ఈ మధ్యవర్తిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మన కథలో ముఖ్యపాత్ర అతడే.

1913లో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అను పుస్తకము వ్రాసి, బొమ్మ సైనికులతో చేయు యుద్ధమును ఇంటి వినోదముగా మార్చెను. సుమారు అరువది యేండ్లు గడచినవి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమున నివసించు గ్యారీ గైగాక్స్, ఒక మిత్రునితో కలిసి 1971లో మధ్యయుగపు యుద్ధక్రీడకు నియమములు ప్రచురించెను. చివర మాంత్రికులను, రాక్షసులను చేర్చి ఒక అనుబంధము వ్రాసెను. పొరుగున నున్న మినెసోటా రాష్ట్రమున డేవ్ ఆర్నెసన్ అను యువకుడు ఆ ధోరణిని ఇంకను ముందుకు నడిపెను. అతడు సైన్యములను ప్రక్కకు నెట్టి, ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క వీరుని మాత్రమే ఇచ్చి, నేలమాళిగలలోనికి పంపెను. ఇరువురి కృషియు కలిసి 1974 జనవరిలో మూడు చిన్న పుస్తకములుగా ఒక పెట్టెలో వెలువడినది. మొదటి ముద్రణ 1000 ప్రతులు. వెల 10 డాలర్లు. ప్రచురించినది గైగాక్స్, డాన్ కే అను మిత్రులిరువురు 1973లో స్థాపించిన టాక్టికల్ స్టడీస్ రూల్స్, క్లుప్తముగా టి.ఎస్.ఆర్., అను కంపెనీ.

హరికథ విన్నవారికి ఈ ఆటను బోధపరచుట సులభము. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుందురు. అందొకడు కథకుడు. తక్కినవారు ఆ కథలోని వీరులు. ‘మీరు గుహలో ప్రవేశించితిరి. ఎదుట రెండు దారులు కలవు. కుడివైపునుండి నీటి చప్పుడు వినవచ్చుచున్నది’ అని కథకుడు చెప్పును. ‘నేను దివిటీ ఆర్పి చెవి యొగ్గెదను’ అని ఒకడనును. పాచిక వేయుదురు. పడిన సంఖ్యనుబట్టి ఏమి వినబడినదో కథకుడు చెప్పును. మన ఊరి గుడిముందు హరికథ నడుచుచుండగా, ముందు వరుసలోని పిల్లవాడొకడు లేచి, ‘దాసుగారూ, తోకకు నిప్పు పెట్టక మునుపే హనుమంతుడు కట్లు తెంచుకొని పోయియుండిన?’ అని అడిగెననుకొందము. దాసుగారు నవ్వి ఊరకుండక, చిడతలు వాయించుచునే కథను ఆ దారిని నడిపించినచో ఎట్లుండునో ఈ ఆట అట్లుండును. ముందుగా వ్రాసిపెట్టని ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పగల మనుష్యుడు అందు కలడు. రైస్విట్జ్ కూర్చుండబెట్టిన మధ్యవర్తి, నూటయేబది యేండ్ల తర్వాత ఇట్లు కథకుడయ్యెను.

ఆట వ్యాపించెను. దానితో కూడ ‘ఇది నాది’ అను మాటయు వచ్చెను. తొలి ముద్రణలలో ‘హాబిట్’ అను పొట్టిజాతి వారుండిరి. ఆ పేరు టోల్కీన్ నవలలలోనిది. టోల్కీన్ తన నవలలకు సంబంధించిన చలనచిత్ర హక్కులను 1969లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు అమ్మెను. అవి 1976లో సాల్ జెంట్స్ అను నిర్మాత కంపెనీకి చేరెను. ఆ హక్కుల పక్షమున 1977లో తాఖీదు రాగా, టి.ఎస్.ఆర్. వారు ‘హాబిట్’ను కొట్టివేసి ‘హాఫ్‌లింగ్’ అని వ్రాసికొనిరి. ఊహాలోకపు జీవులకు కూడ పట్టాలు, సరిహద్దు రాళ్లు ఉండునని ఆనాడు తెలిసెను. చిత్రమేమనగా, 1990 తర్వాత ఇంటర్నెట్టులో తమ సొంత కథలను పంచుకొన్న ఆటగాండ్రకు టి.ఎస్.ఆర్. వారే అట్టి తాఖీదులు పంపిరి.

ఈలోగా ఈ ఆటకు కంప్యూటరు సంతానము కలిగెను. 1975 నాటికే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ‘ప్లేటో’ కంప్యూటరు వ్యవస్థపై విద్యార్థులు దీనిని అనుకరించిరి. 1981లో ‘విజర్డ్రీ’, ‘అల్టిమా’ అను ఆటలు వెలువడెను. వాని ప్రభావమున 1986లో జపానునందు ‘డ్రాగన్ క్వెస్ట్’ పుట్టెను. వీరుని ప్రాణబలమునకొక అంకె, అనుభవమునకొక అంకె, అనుభవము నిండినకొలది అంతస్తు పెరుగుట, ఇవి నేడు మన పిల్లలు సెల్‌ఫోనులో ఆడు ఆటలయందును కనబడుచున్నవి. వీనికి మూలము ఆ మూడు చిన్న పుస్తకములు. టి.ఎస్.ఆర్. 1987లో ఎస్.ఎస్.ఐ. అను కాలిఫోర్నియా కంపెనీకి తన పేరుతో కంప్యూటరు ఆటలు చేయుటకు అనుమతి నిచ్చెను. 1988లో ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ వచ్చెను. 1994లో ఇంటర్‌ప్లే అను కంపెనీయు అనుమతి సంపాదించెను.

కంప్యూటరు ఆటలు అందమైనవే. పాచికల లెక్క అవియే చేయును. గుహను కన్నులకు కట్టును. కాని అందు కథకుడు లేడు. రచయితలు వ్రాసిపెట్టిన దారులు పది యుండవచ్చును, పదివేలుండవచ్చును. పదివేల ఒకటవ దారి అడిగిన పిల్లవానికి జవాబు లేదు. వీడియో ఆటల కంపెనీకి ఈ ఆటను అమ్ముటయనగా, కథకుడు లేని బిడ్డ చేతిలో కథకుడున్న తల్లిని పెట్టుట. 1997లో ప్రమాదమున నున్నది ఆ కథకుని కొలువు.

టి.ఎస్.ఆర్. ఎట్లు చెడెను? 1985లో కంపెనీ పెత్తనము గైగాక్స్ చేతినుండి జారి లోరెన్ విలియమ్స్ అను ఆమె చేతికి వచ్చెను. తర్వాతి పదేండ్లలో కంపెనీ ఒకే ఆటకు ఎన్నెన్నో ప్రపంచములను కల్పించి అమ్మెను. ఒకటి ఎడారి, ఒకటి పిశాచముల దేశము, ఒకటి నక్షత్రముల నడుమ నౌకాయానము. ఒక్కొక్క దానికి పెట్టెలు, పటములు, పుస్తకములు. కొనువారి సంఖ్య మాత్రము ఆ లెక్కన పెరుగలేదు. ఉన్నవారే విడిపోయి, ఒక ప్రపంచము వారు మరియొక ప్రపంచపు పుస్తకములను కొనుట మానిరి. కొన్ని పెట్టెలు తయారుచేయుటకైన ఖర్చు కూడ వెలలో రాలేదు. పుస్తకాల దుకాణములకు సరకు రాండమ్ హౌస్ ద్వారా పోవుచుండెను. సరకు పంపగానే సొమ్ము చేతికి వచ్చెడిది. అమ్ముడుపోక తిరిగివచ్చినప్పుడు అదియే బాకీగా నిలిచెడిది. రైతు రాబోవు పంటపై ముందే సొమ్ము తెచ్చుకొని, ఆ సొమ్మును పాత అప్పునకే కట్టిన చందమయ్యెను. 1996 చివరకు తిరిగివచ్చిన సరకు గోదాములలో పేరుకొనెను. బాకీ తీరనిదే అచ్చు వేయమని ముద్రాపకులనిరి. అప్పు సుమారు 3 కోట్ల డాలర్లు. 1997 తొలి నెలలలో కొత్త పుస్తకముల రాక నిలిచిపోయెను.

వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ నగర సమీపములోని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను కంపెనీకి పీటర్ ఆడ్కిసన్ అధిపతి. ఈ ఆట ఆడి పెరిగినవాడు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు కల్పించిన ‘మ్యాజిక్’ అను ముక్కల ఆట ఆ కంపెనీకి విస్తారముగా ధనము తెచ్చిపెట్టెను. ఆ ధనముతో ఆడ్కిసన్ 1997లో టి.ఎస్.ఆర్.ను కొనెను. వెల రెండున్నర కోట్లకును మూడు కోట్ల డాలర్లకును నడుమ. కొనుగోలు వేళ లెక్కలు పరిశీలించిన రయన్ డాన్సీ తర్వాత వ్రాసిన మాట తలచుకొనదగినది. ఆటగాండ్రు ఏమి కోరుచున్నారో వారినే అడిగి తెలిసికొన్న దాఖలా ఆ కంపెనీ కాగితములలో ఆయనకు కనబడలేదట.

ఇప్పుడు బేరమును మార్చి చూతము. 1997లో టి.ఎస్.ఆర్.ను ఇంటర్‌ప్లే కొనెననుకొందము. ఆ కంపెనీ అట్టి బేరమునకు వచ్చెనని నేను చెప్పుటలేదు. వచ్చియుండిన ఏమగునని అడుగుచున్నాను. ఊహ అసంభవమైనది కాదు. అనుమతి పత్రము అప్పటికే దాని చేతిలో నున్నది. కెనడా దేశపు ఎడ్మంటన్ నగరమున బయోవేర్ వారు దానికొరకు ‘బాల్డర్స్ గేట్’ అను ఆటను నిర్మించుచున్నారు. 1998లో కంపెనీ వాటాలు విపణికి రానున్నవి. ఒక పేరును అద్దెకు తెచ్చుకొనుట కంటె సొంతము చేసికొనుట లాభమని వాటాదారులకు నచ్చజెప్పుట కష్టము కాదు.

మొదటి రెండేండ్లు బంగారమువలె గడచును. 1998 డిసెంబరులో ‘బాల్డర్స్ గేట్’ వచ్చును. నిజచరిత్రలో వలెనే లక్షలకొలది ప్రతులు అమ్ముడుపోవును. అద్దె కట్టనక్కరలేదు గనుక లాభము మరికొంత పెరుగును. ‘చూచితిరా, కంప్యూటరు చేతిలో ఆట బ్రతికినది’ అని పత్రికలు వ్రాయును. లేక్ జెనీవాలోని పుస్తక విభాగములో కొద్దిమందిని నిలిపి, కంప్యూటరు ఆటకు తోడుగా నుండు పుస్తకములు వ్రాయింతురు.

ఆ తర్వాతిది ఇంటర్‌ప్లే నిజచరిత్ర. నష్టములు పేరుకొనెను. ఫ్రాన్సు దేశపు టైటస్ సంస్థ 2001 నాటికి పెత్తనము చేజిక్కించుకొనెను. స్థాపకుడు బ్రయన్ ఫార్గో 2002లో వెళ్లిపోయెను. ఉత్తమమైన ఆటలు చేసిన ‘బ్లాక్ ఐల్’ విభాగమును 2003 డిసెంబరులో మూసివేసిరి. తనకు మిగిలిన ఆస్తులలో విలువైన ‘ఫాలౌట్’ అను కథాలోకమును ఇంటర్‌ప్లే 2007లో బెథెస్డా కంపెనీకి 57,50,000 డాలర్లకు విక్రయించెను. మన ఊహలో ఆ అమ్మకపు జాబితాయందు ‘ఫాలౌట్’ ప్రక్కన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కూడ ఉండెడిది. జీతములకు డబ్బు చాలని కంపెనీ ముందుగా తక్కువ రాబడి విభాగమును మూయును. మూడు పుస్తకములు, ఒక పాచిక, నలుగురు మిత్రులు ఉన్నచో ఏండ్ల తరబడి ఆడుకొనగల ఆటనుండి ఎంత రాబడి? నిజచరిత్రలో 2000లో వచ్చిన మూడవ కూర్పు జోనథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ అను మువ్వురు రచయితల కృషి ఫలితము. దివాలా అంచున నున్న వీడియో ఆటల కంపెనీ అట్టి పనికి జీతములిచ్చి ఓపిక పట్టునా?

ఇంటర్‌ప్లేకు దురదృష్టము పట్టినది, మరియొకరైన నిలబెట్టియుందురు అనవచ్చును. తక్కినవారిని చూతము. తొలి అనుమతి పొందిన ఎస్.ఎస్.ఐ. 1994లోనే మైండ్‌స్కేప్ అను సంస్థకు అమ్ముడుపోయెను. కొంతకాలమునకు ఆ పేరే మాసిపోయెను. మూడవ ఉదాహరణము ఊహ కానే కాదు. 1999లో బొమ్మల కంపెనీయగు హాస్‌బ్రో, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌ను సుమారు 32 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనెను. నష్టములలో నున్న తన వీడియో ఆటల విభాగమును 2001 ప్రారంభమున ఫ్రాన్సు దేశపు ఇన్ఫోగ్రామ్స్ సంస్థకు విక్రయించెను. ఆ సామానుతో పాటు మన ఆట కంప్యూటరు హక్కులును దీర్ఘకాలపు కౌలుగా వెళ్లిపోయెను. ఇన్ఫోగ్రామ్స్ తర్వాత ‘అటారి’ అను పాత పేరు ధరించెను. 2009లో హాస్‌బ్రో వ్యాజ్యము వేసెను. 2011లో రాజీ కుదిరి ఆ హక్కులు తిరిగివచ్చెను. 2013 జనవరిలో అటారి దివాలా రక్షణ కోరెను. ఇంకొక రెండేండ్లు ఆలస్యమైయుండిన ఆ హక్కులు అప్పులవారి పంపకములో పడియుండెడివి.

కనుక ఆనాటి వీడియో ఆటల కంపెనీలలో ఈ పేరుతో సంబంధమున్న మూడింటిని చూచినను, పదునైదేండ్లు చెక్కుచెదరక నిలిచినది లేదు. అందు వారి దోషము కంటె ఆ వ్యాపార స్వభావమే ఎక్కువ. ఒక్కొక్క ఆటకు ఏండ్లు, కోట్లు పట్టును. ఒకటి తప్పినచో ఇల్లే కూలును. ఇల్లు కూలినప్పుడు లోపలి కథలును వేలములోనికి వచ్చును.

ఇక నిజముగా జరిగిన బేరము ఏమి చేసినదో చెప్పవలెను. టి.ఎస్.ఆర్. పతనమును దగ్గరనుండి చూచిన డాన్సీకి ఒక భయము పట్టుకొనెను. యజమాని మునిగినప్పుడు ఆటయు మునుగుట ఈ ఒక్క మారుతో ఆగునా? 2000లో అతని చొరవతో విజర్డ్స్ వారు మూలనియమములను ఒక బహిరంగ అనుమతి క్రింద విడుదల చేసిరి. షరతులు పాటించిన ఎవరైనను ఆ నియమములను వాడుకొని తమ పుస్తకములు వ్రాసి అమ్ముకొనవచ్చును. ఇందు వ్యాపారపు లెక్కయు కలదు. ఇతరుల పుస్తకములు పెరిగినకొలది మూలపుస్తకము అమ్మకము పెరుగును. కాని ఏ యజమాని చపలబుద్ధియు ఆటను లోకమునుండి తొలగింపలేకుండ చేయుటయు తన ఉద్దేశమని డాన్సీ తర్వాత చెప్పియున్నాడు. ఆట నడుపు పద్ధతికి అమెరికా చట్టమున గ్రంథస్వామ్యము లేదు. దానిని వర్ణించు మాటలకు మాత్రమే కలదు. అయినను వ్యాజ్యమునకు వెరచు చిన్న రచయితకు ఆ కాగితము గొడుగైనది.

ఆ గొడుగు విలువ రెండు మారులు తెలిసినది. 2008లో విజర్డ్స్ వారు నాలుగవ కూర్పును బిగువైన షరతులతో తెచ్చినప్పుడు, పాత నియమములను ఇష్టపడువారికొరకు పైజో అను చిన్న కంపెనీ 2009లో ‘పాత్‌ఫైండర్’ అను ఆటను ఆ పాత అనుమతి క్రిందనే ప్రచురించెను. 2023 జనవరిలో పాత అనుమతిని రద్దుచేయు యోచన బయటపడగా ఆటగాండ్రు తిరుగబడిరి. కంపెనీయే అభిప్రాయములు కోరగా 15,000 మందికి పైగా సమాధానమిచ్చిరి. పదింట దాదాపు తొమ్మిదిమంది రద్దునకు వ్యతిరేకులు. జనవరి 27న కంపెనీ వెనుకకు తగ్గి, మూలనియమములను తిరిగి తీసికొనుటకు వీలులేని ‘క్రియేటివ్ కామన్స్’ అను సార్వజనిక అనుమతి క్రింద విడిచిపెట్టెను. ఆనాటితో ఆ నియమములు చదరంగపు వరుసలోనికి కొంత జరిగినవి.

వీడియో ఆటల కంపెనీకి 1997లో అమ్ముడుపోయియుండిన ఈ కాగితము పుట్టియుండెడిది కాదని నా విశ్వాసము. పుస్తకమును నమ్ముకొన్నవాడు ఇతరుల పుస్తకములవలన తనకు మేలని లెక్క వేయగలడు. కంప్యూటరు ఆట అమ్మువానికి అట్టి లెక్క లేదు. అతని మూలధనము నియమములే; వానిని పొరుగు కంపెనీకి ఉచితముగా ఇచ్చుటకు ఏ వాటాదారుడు ఒప్పుకొనును?

దీనికి ఎదురుమాట కలదు; దానిని దాచుట న్యాయము కాదు. బెల్జియము దేశపు ఘెంట్ నగరమున లారియన్ అను వీడియో ఆటల కంపెనీ అనుమతి పొంది, 2023 ఆగస్టులో ‘బాల్డర్స్ గేట్ 3’ను వెలువరించెను. ఆ యేటి ఉత్తమ వీడియో ఆట బహుమానము దానికి దక్కెను. బల్లచుట్టు కూర్చుండి ఆడిన వారి ఆనందమును కంప్యూటరులో ఇంత దగ్గరగా చూపినవారు అరుదు. పాచిక దొర్లుట కూడ తెరపై కనబడును. అయితే లారియన్ ఆ లోకమును కౌలుకు తీసికొనెను గాని కొనలేదు. పంట పండించి, 2024లో ఇక రెండవ పంట వేయమని చెప్పి, పొలమును పొలముగా అప్పగించెను. కౌలుదారు మారినను పొలము నిలిచినది.

కొన్నవారి ఉదాహరణమును కలదు. పైన చెప్పిన టోల్కీన్ చలనచిత్ర హక్కులను 2022లో స్వీడను దేశపు ఎంబ్రేసర్ అను వీడియో ఆటల సంస్థ కొనెను. మరుసటి యేడే ఆ సంస్థ ఎదురుచూచిన 200 కోట్ల డాలర్ల ఒప్పందము తప్పిపోయెను. ఆట నిర్మాణశాలలు మూతపడెను. వందలకొలది ఉద్యోగులు ఇంటికి పోయిరి. 2024లో సంస్థ తన్ను తాను ముక్కలుగా పంచుకొనుటకు నిశ్చయించెను. టోల్కీన్ పుస్తకములకు మాత్రము భయము లేకపోయెను. అవి ఆయన కుటుంబము చేతిలోను, ప్రపంచమందలి పాఠకుల ఇండ్లలోను కలవు.

ఈ కథ అంతయు సముద్రముల ఆవలిదని శ్రోతలు తలపవచ్చును. మన ఇంటిలోనే ఇట్టిదొకటి జరిగినది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసున ప్రారంభించిన ‘చందమామ’ను ఎరుగని తెలుగు ఇల్లు ఎచట కలదు? ‘తోకచుక్క’ మొదలుకొని ఎన్నో మాంత్రికుల ధారావాహికలను దాసరి సుబ్రహ్మణ్యం గారు అందు వ్రాసిరి. సంచికలో ఆయన పేరుండెడిది కాదు. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అను సాఫ్ట్‌వేరు సంస్థ ‘చందమామ’ను కొనెను. కథలను కంప్యూటరులోనికి, ఫోనులలోనికి తెత్తుమని ఆశ చూపిరి. సంస్థ అప్పులలో చిక్కుకొనెను. 2013 నాటికి పత్రిక నిలిచిపోయెను. అది వీడియో ఆటల కంపెనీ కాదు. అయినను 1997లో తప్పిపోయిన బేరము ఎట్లుండెడిదో మనకు చూపినది.

అయినను భేతాళుడు చెట్టు దిగుట మానలేదు. పాత సంచికలను అట్టలు వేయించి దాచుకొన్న పాఠకులున్నారు. తమ పిల్లలకు చదివి వినిపించువారున్నారు. భేతాళ కథలు ఏ కంపెనీకిని పుట్టినవి కావు గనుక ఏ కంపెనీతోను పోవు. దాసరివారి మాంత్రికులకు ఆ అదృష్టము లేదు. అవి ఒకరు కల్పించినవి, ఒకరు ప్రచురించినవి, మరియొకరు కొనినవి. వానిని కాపాడుటకు పాతసంచికల అట్టలును, చదువువారి జ్ఞాపకమును తప్ప వేరు కాగితము లేకపోయెను. 2000లో అమెరికాలో ఒక ఆటకు వ్రాసిన కాగితము వంటిది, పత్రిక బాగుగా నడచుచున్న రోజులలో మనవారు ‘చందమామ’కు వ్రాసియుంచినచో ఎట్లుండెడిది? ఈ ప్రశ్నను శ్రోతలకు విడిచి సెలవు తీసికొనుచున్నాను. మన ఇండ్లలో నిలిచియున్న ఇతర పత్రికలకు, కథామాలలకు, నాటకములకు అట్టి కాగితము వ్రాయుటకు వేళ ఇంకను మించిపోలేదు.